పాత బండి, ఇంటి మెకానిక్కు – 4వ పాఠం: సీసా మూత తిప్పే ముందు

పోయిన పాఠంలో మూడు పనులు చెప్పాను. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి సైలెన్సర్ పొగ రంగు చూడమన్నాను. డిప్ స్టిక్ మీద ఆయిల్ ఎక్కడుందో 500 కిలోమీటర్లకోసారి నోట్‌బుక్కులో రాసుకోమన్నాను. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి, లోపల నూనె జిడ్డేమన్నా తేలుతుందేమో చూడమన్నాను. ఆ నోట్‌బుక్కు పక్కన పెట్టుకుని ఇది చదవండి. రాయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు. ఇంజన్ బాగుపడుతుందంటూ పెట్రోల్లో, ఇంజన్ ఆయిల్లో పొయ్యమని షాపుల్లో అమ్మే మందు సీసాల గురించే ఇవాళ్టి మాట.

మొన్న దర్శి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, బండికి పికప్ పోయింది. షాపులో మూడు సీసాలిచ్చారు. ఒకటి పెట్రోల్లో, ఒకటి ఇంజన్ ఆయిల్లో, ఇంకోటి ఆయిల్ మార్చే ముందు పొయ్యాలంట. మూడూ ఒకేసారి పోసెయ్యొచ్చా?"

"బండేంది?"

"స్ప్లెండర్ అన్నా, 2006."

"ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు చూశావ్?"

కాసేపు అవతల మాట లేదు. అతను రోజూ చీమకుర్తి క్వారీల వైపు పనికెళ్తాడు. ఫిల్టర్ విప్పి నేలకేసి తడితే గుప్పెడు బూడిదరంగు రాతి దుమ్ము రాలిందట. కొత్త ఫిల్టర్ వేశాక పికప్ తిరిగొచ్చింది. మూడు సీసాలూ మూతలు తియ్యకుండానే షాపుకి వెనక్కి వెళ్లాయి. అందులో ఒకటి పోసి ఉంటే ఏమయ్యేదో కిందికి వెళ్లాక చెప్తాను.

ఇంజన్ పాతబడటం రెండు రకాలు. ఒకటి మురికి పట్టడం, రెండోది అరిగిపోవడం. సీసాలో ఉన్నది మురికిని కడుగుతుంది. అరిగిన రింగుని (పిస్టన్ చుట్టూ ఉండే ఇనుప వలయం), గీతలు పడ్డ సిలిండర్ లోపలి గోడని, అదే బోర్‌ని మళ్లీ మునుపటిలా చెయ్యదు. షాపువాడు మాత్రం రెండు రోగాలకీ ఒకే సీసా ఇస్తాడు. కాబట్టి మనం నేర్చుకోవాల్సిన మొదటి విద్య పొయ్యడం కాదు, మన బండికున్నది మురికా, అరుగుడా అని తేల్చుకోవడం.

మూడు ప్లగ్గులు, ఒక పాత పేపరు

మా ఇంట్లో ఉన్నది 2003 మారుతీ 800, ఎంపీఎఫ్ఐ మోడల్, అంటే కార్బొరేటర్ బదులు ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మే రకం. 796 సీసీ, మూడు సిలిండర్లు. పోయిన వేసవిలో పొద్దున స్టార్ట్ చేయగానే నీలంరంగు పొగ ఒక్క ఊపు వచ్చి ఆగిపోయేది. నీలం పొగంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందని. నల్ల పొగంటే పెట్రోలు ఎక్కువై సరిగా కాలడం లేదని. తెల్ల పొగ చలికాలం పొద్దున రెండు నిమిషాలు వస్తే అది ఉత్త ఆవిరి. ఇంజన్ వేడెక్కాక కూడా వస్తుంటే రేడియేటర్ నీళ్లు ఇంజన్ లోపలికి పోతున్నాయేమోనని అనుమానించాలి. ఆ మూడో రకానికి ఏ సీసా జోలికీ వెళ్లకుండా నేరుగా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంజన్ చల్లారాక ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్ము గట్టిగా ఊదేశాను. అలా ఊదకుండా విప్పితే ఆ ఇసకంతా సిలిండర్లోకి రాలుతుంది. మూడు ప్లగ్గులూ ఒక్కొక్కటే విప్పి, పాత పేపరు మీద 1, 2, 3 అని పెన్నుతో రాసి, వాటి పక్కన వరసగా పెట్టాను. మొదటిదాని మూతి కాఫీపొడి రంగులో, పొడిగా ఉంది. రెండోదీ అంతే. ఇవి ఆరోగ్యంగా ఉన్న ప్లగ్గులు. మూడోది నల్లగా, తడిగా ఉంది. వేలితో తుడిస్తే దీపం కుంది అంటుకున్నట్టు జిడ్డు. మూడింట్లో ఒక్కటే అలా ఉందంటే రోగం ఆ సిలిండర్‌దే. పెట్రోల్లో పోసే మందు మూడు సిలిండర్లకీ వెళ్తుంది, ఈ ఒక్కదాన్నీ బాగు చెయ్యలేదు.

తెలిసిన మెకానిక్ దగ్గర కంప్రెషన్ గేజి, అంటే సిలిండర్ లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూపే మీటరు, అడిగి తెచ్చాను. ముందు ఉన్నదున్నట్టు రీడింగ్ తీశాం. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ తీశాం. ఆయిల్ పోశాక రీడింగ్ బాగా పెరిగితే రింగులు అరిగినట్టు, ఎందుకంటే ఆ ఆయిల్ కాసేపు రింగుల సందు మూసేస్తుంది. తక్కువగా ఉండి, పోసినా కదలకపోతే వాల్వుల వైపు చూడాలి. మా బండికి మొదటిసారే మూడు సిలిండర్లూ సమానంగా, బాగానే వచ్చాయి. అంటే రింగులూ, వాల్వులూ పట్టే ఉన్నాయి, వాల్వు కాడలకుండే రబ్బరు సీళ్లే గట్టిపడిపోయాయి. రాత్రంతా ఆగి ఉన్నప్పుడు ఆయిల్ చుక్కలు చుక్కలుగా దిగి, పొద్దున ఒక్క ఊపులో కాలిపోతోంది. సీళ్లు మార్పిస్తే పొగ పోయింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఈ పరీక్ష చెయ్యకముందు నేను కూడా రెండు సీసాలు పోసి ఉన్నాను.

మూడు ప్లగ్గులూ ఒకేలా పొడి మసితో నల్లగా ఉంటే అది మురికి వైపు సూచన. ముందు ఎయిర్ ఫిల్టర్ చూసి, అది బాగుంటేనే తర్వాతి మాట.

పెట్రోల్లో పోసేది

అన్ని సీసాల్లోకీ కాస్త నమ్మకమున్నది ఇదే. ఎందుకో చెప్తాను. ఎంపీఎఫ్ఐ బండిలో ఇంజెక్టర్ పెట్రోల్ని వాల్వు వెనక భాగం మీద చిమ్ముతుంది. బండి ఆపగానే గాలి తగలక ఆ చోటు ఇంకా వేడెక్కుతుంది. ఇంజెక్టర్ మూతి దగ్గర మిగిలిన ఆఖరి చుక్క అక్కడే ఎండిపోయి జిగురులా అంటుకుంటుంది. ఇలా వేలసార్లు జరిగితే, సన్నగా తుంపరలా రావాల్సిన పెట్రోలు ధారగా కారడం మొదలవుతుంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ వణకడం, మైలేజి తగ్గడం అక్కణ్ణుంచే. పెట్రోల్లో కలిసిన క్లీనర్ ఆ దారినే వెళ్తుంది కాబట్టి ఆ జిగురుని కరిగించగలదు. లేబుల్ మీద పాలీఈథర్ అమీన్ అనో, పీఈఏ అనో ఉందేమో చూడండి, కాలిన మసి మీద కూడా పనిచేసే రకం అదే. లోపల ఏముందో ఒక్క మాట కూడా రాయని సీసాని నేను కొనను.

ఇక్కడ అందరూ చేసే తప్పు కొలత. పెద్ద కార్లకని తయారైన సీసాని చిన్న బండిలో మొత్తం వంచేస్తారు. లెక్క వేసుకుందాం. సీసా 300 మిల్లీలీటర్లు, 60 లీటర్ల పెట్రోలుకి అని రాసి ఉందనుకోండి. అంటే లీటరుకి 5 మిల్లీలీటర్లు. 800 ట్యాంకు 28 లీటర్లు, కాబట్టి 140 చాలు, సగం కన్నా తక్కువ. స్ప్లెండర్‌లో 5 లీటర్లు పోయిస్తే 25 మిల్లీలీటర్లే. మందు ఎక్కువైతే ఎక్కువ శుభ్రమవుతుందనేది బట్టల సోడా విషయంలోనే నిజం కాదు, ఇంజన్ విషయంలో అసలే కాదు.

ట్యాంకు రిజర్వుకి దగ్గరపడ్డాక ముందు క్లీనర్ పోసి, ఆ తర్వాత పెట్రోలు నింపించండి. పెట్రోలు పడే వేగానికి అదే కలిసిపోతుంది. తర్వాత బండిని ఊళ్లో కూరగాయల మార్కెట్టుకి తిప్పితే లాభం లేదు. వాల్వులు వేడెక్కాలి. నేనైతే ఒంగోల్లో పోసుకుని హైవే ఎక్కి, టంగుటూరు టోల్ గేటు దాటి, సింగరాయకొండ, కావలి మీదుగా నెల్లూరు దాకా ఒకే వేగంతో వెళ్లొస్తాను. పోనూ రానూ 240 కిలోమీటర్ల పైచిలుకు. పనేమీ లేకపోతే నెల్లూరులో చేపల పులుసు తినడం కూడా పనే.

కరిగిన మసిలో కొంత రింగులు దాటి ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. అందుకే ఆయిల్ మార్చాల్సిన సమయం దగ్గరపడ్డాక ఈ పని పెట్టుకోవాలి. ముందు క్లీనర్ ట్యాంకు ఖర్చు చేసి, తర్వాత ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. ఆయిల్ కొత్తగా మార్చి, మర్నాడే క్లీనర్ పోస్తే డబ్బు దండగ. ఏడాదికి ఒకసారి చాలు. నెలనెలా అవసరం పడుతోందంటే ఆ బండికున్నది మురికి కాదు.

చాలాకాలం కదలకుండా ఉన్న బండైతే ఒక జాగ్రత్త. ట్యాంకు అడుగున పేరుకున్న తుప్పూ జిగురూ కదిలి పెట్రోల్ ఫిల్టర్‌కి అడ్డం పడతాయి. ఒక కొత్త ఫిల్టర్ చేతిలో ఉంచుకోండి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోలుకీ ఇదే గుణం ఉంది, అందులో 20 శాతం ఇథనాల్. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లు దాన్ని తట్టుకునే రబ్బరుతో వచ్చాయి. మనవి అంతకన్నా పాతవి. ఇథనాల్ బాధ పోగొడుతుందంటూ అమ్మే సీసా ఏదీ పెట్రోల్లోంచి ఇథనాల్ని తీసెయ్యలేదు. ఆ డబ్బుతో పెట్రోల్ పైపులు కొత్తవి వేయించండి. పాత పైపుని వేళ్లతో నొక్కి చూస్తే తెలిసిపోతుంది. మరీ మెత్తబడ్డా, పగుళ్లు కనబడినా మార్చేయాల్సిందే. ఆక్టేన్ బూస్టర్ గురించి కూడా కొందరు అడిగారు. ఎత్తెక్కేటప్పుడు నాకింగ్, అంటే ఇంజన్ లోపల టకటకమనే చప్పుడు, రాని ఇంజన్‌కి అది అక్కర్లేదు.

కార్బొరేటర్ బండ్లకి

ఇంజెక్టర్ లేని పాత బండ్లలో పెట్రోల్ని గాలితో కలిపేది కార్బొరేటరే. ఇక్కడ సీసా కన్నా కార్బొరేటర్ కడిగే స్ప్రే డబ్బా మేలు, స్ప్రే కన్నా చేత్తో విప్పడం మేలు. అడుగు గిన్నె విప్పి, ఫ్లోట్ (పెట్రోలు మీద తేలే బుడ్డి) తీసి, జెట్లు (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రమున్న మరలు) బయటికి తెచ్చాక స్ప్రే కొట్టండి. రబ్బరు రింగులు, డయాఫ్రం (పల్చటి రబ్బరు పొర) ఉన్న మోడలైతే అది కూడా ముందే తీసి పక్కన పెట్టాలి. ఆ స్ప్రే రబ్బరుని ఉబ్బించేస్తుంది, ఉబ్బింది మళ్లీ గాడిలో కూర్చోదు. జెట్టు రంధ్రంలో సూది, స్టీలు తీగ పెట్టొద్దు. కరెంటు వైరు ఒలిచి అందులోంచి ఒక్క రాగి పోగు లాగి, దాంతో పొడవండి. ఆకాశం వైపు పెట్టి చూస్తే గుండ్రంగా వెలుతురు కనబడాలి. పని ఆరుబయట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే. దగ్గర్లో బీడీ ఉండకూడదు, దేవుడి గూట్లో దీపమూ ఉండకూడదు.

ఇంజన్ ఆయిల్లో పోసేవి

వీటి దగ్గర నేను పిసినారిని. కారణముంది. కొన్నేళ్ల కిందట ఒక పాత వ్యాను కొన్నాను. ముందున్నతను ఆయిల్ సరిగా మార్చిన గుర్తులు లేవు. మూత విప్పితే అడుగున నల్లటి మడ్డి. ఆయిల్ మార్చే ముందు పోసి ఇంజన్ లోపల కడిగే ఫ్లష్ సీసా తెచ్చి, దానిమీద రాసినట్టే పోసి, ఐడ్లింగ్‌లో ఉంచి, మొత్తం దించేశాను. నల్లటి నీళ్లలా కారుతుంటే భలే సంతోషమేసింది. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి మర్నాడు కావలి బయల్దేరాను. టంగుటూరు దాటగానే ఎర్రటి ఆయిల్ లైటు మిణుకుమంది. సెన్సర్ తిక్కలే అనుకుని సింగరాయకొండ దాకా లాగించాను. అప్పటికే కింద నుంచి టకటకా కొట్టుకోవడం మొదలైంది. ఇంజన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్ విప్పితే, ఆయిల్ పీల్చే జాలీ నిండా గిన్నె అడుగున మాడిన పాలలాంటి ముద్ద. ఫ్లష్ ఆ మడ్డిని కరిగించలేదు, పెళ్లలుగా ఊడదీసి జాలీ దగ్గరికి పంపింది. పంపుకి ఆయిల్ అందలేదు, బేరింగులు పోయాయి. సీసా ఖరీదు వందల్లో, బేరింగుల పని వేలల్లో.

ఆ లైటు వెలిగితే ఒక్క కిలోమీటరు కూడా పోవద్దు. ఉన్నచోటే ఇంజన్ ఆపెయ్యాలి.

మా నాయన కాలంలో కిరసనాయిలు పోసి కడిగేవాళ్లు. దానిదీ ఇదే కథ, పైగా అందులో జారుడు గుణం తక్కువ. మడ్డి పట్టిన ఇంజన్‌కి నెమ్మదైన దారి ఒకటుంది. మాన్యువల్లో చెప్పిన గ్రేడు ఆయిల్, ఫిల్టర్ వేసి 1000 కిలోమీటర్లకే మార్చండి. మళ్లీ 2000కి. ఆపైన మామూలు లెక్క. మంచి ఆయిల్లోనే కడిగే మందులు కలిసి ఉంటాయి, అవి మడ్డిని పొరలు పొరలుగా తీసుకుపోతాయి. కొత్త ఆయిల్ త్వరగా నల్లబడిందని బెంగపడకండి, అది చేస్తున్న పనే అది. తీసిన ఆయిల్ కాలవలో పొయ్యొద్దు, క్యాన్‌లో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకివ్వండి.

ఇప్పుడు దర్శి తమ్ముడి సీసా సంగతి. చాలా మోటార్ సైకిళ్లలో క్లచ్ ప్లేట్లు కూడా ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. ఒరిపిడి తగ్గించే మందు అందులో పోస్తే ప్లేట్లు జారిపోతాయి, ఇంజన్ రొద పెడుతుంది గానీ బండి కదలదు. బైకు ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ, ఎంఏ2 అని (బైకు ఆయిళ్లకి ఇచ్చే జపాన్ ప్రమాణం గుర్తు) రాసేది క్లచ్ జారదని చెప్పడానికే. దాంట్లో ఇంకేమీ కలపకండి.

లీకు ఆపే మందు గట్టిపడ్డ రబ్బరు సీళ్లని కొంత ఉబ్బిస్తుంది. సీలు మార్చే దాకా నెలో రెండు నెలలో నెట్టుకురావడానికి సరే. చిరిగిన సీలుకి పనికిరాదు.

ఈ పాఠానికి ఇంటి పని

ప్లగ్గులు విప్పి, పేపరు మీద వరసగా పెట్టి ఫోటో తీసుకోండి. నోట్‌బుక్కులో రంగు, తడి, పొడి రాయండి. మురికే అని తేలితే పెట్రోల్ క్లీనర్ ఒక్కటే పోసి, ముందు మైలేజి, తర్వాత మైలేజి రాసుకోండి. రెండు సీసాలు కలిపి పోస్తే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

వచ్చే పాఠం రేడియేటర్. దానికోసం ఇవాళే ఒక స్టీలు పళ్లెంలో గ్లాసెడు మీ బోరు నీళ్లు, ఇంకో పళ్లెంలో బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ పోసి డాబా మీద ఎండలో పెట్టండి. పూర్తిగా ఇంకిపోయాక రెండు పళ్లేల్లోనూ ఏం మిగిలిందో గోటితో గీకి చూసి, పళ్లేలు కడక్కుండా దాచండి.