దేశాల మధ్య విద్యా సహసమీక్ష నిర్వహించే విధానం

వృత్తివిద్యపై ఐరోపా సమాఖ్య మండలి 2020 నవంబరు 24న చేసిన సిఫారసు, నాణ్యతను కాపాడే ఏర్పాట్లను సభ్యదేశాలు పరస్పరం సమీక్షించుకోవాలని సూచించింది. వృత్తివిద్య నాణ్యతపై ఐరోపా దేశాలు కలిసి పనిచేసే ఈక్వావెట్ (EQAVET) వేదికగా సాగుతున్న ఆ పద్ధతిని ఇతర దేశాలూ అనుసరించవచ్చు.

ముందుగా ఆతిథ్య దేశం, అంటే తన ఏర్పాట్లను సమీక్షకు పెట్టే దేశం, ఒకటి రెండు ప్రశ్నలకే పరిమితం కావాలి. ‘మా వృత్తివిద్య ఎలా ఉంది?’ అని అడిగితే మొహమాటపు పొగడ్తలే వస్తాయి. ‘చదువు ముగించినవారు ఏ ఉద్యోగాల్లో చేరారో శిక్షణ సంస్థలకు తెలుస్తున్నా పాఠ్యాంశాలు ఎందుకు మారడం లేదు?’ అని అడిగితే పనికొచ్చే చర్చ మొదలవుతుంది.

ఆపై స్వీయ మదింపు నివేదిక సిద్ధం చేయాలి. అసలు శ్రమంతా ఇక్కడే ఉంది. ప్రణాళిక, అమలు, మూల్యాంకనం, పునఃసమీక్ష అనే నాలుగు దశల్లో లోపం ఎక్కడుందో ఆధారాలతో చూపడమే కాక, కేంద్ర ప్రభుత్వానికీ ప్రాంతీయ ప్రభుత్వాలకూ శిక్షణ సంస్థలకూ ఎవరి అధికారం ఎంతవరకో, కొత్తవారికి అర్థమయ్యేలా విడమరచి చెప్పాలి.

సమీక్షకులుగా అదే సమస్యతో కుస్తీ పడుతున్న దేశాలవారిని పిలవడం మేలు. ర్యాంకుల్లో ముందున్నవారే రావాలన్న ఆరాటం అనవసరం. శిక్షకులతో, యజమానులతో, విద్యార్థులతో వారు విడిగా మాట్లాడే వీలుండాలి, ఎందుకంటే పై అధికారి ఎదుట ఎవరూ నోరు విప్పరు.

సూచనలు అందాక వేటిని స్వీకరించిందో, వేటిని ఎందుకు పక్కన పెట్టిందో ఆతిథ్య దేశం రాతపూర్వకంగా తెలపాలి. తమ దేశంలో ఏం మార్చదలిచారో సమీక్షకులూ ఒక పేజీలో రాసివ్వాలి.