సైట్‌లో దెబ్బ తగిలితే పరిహారం దక్కాలంటే

పరంజా మీంచి పడ్డ మనిషిని ఆసుపత్రికి తెచ్చి ‘మెట్ల మీద జారాడు’ అని రాయించడం చాలా సైట్లలో మామూలే. కేసు అక్కడే సగం పోతుంది. ఎక్కడ, ఏ పని చేస్తూ, ఎంత ఎత్తు నుంచి పడ్డాడో ఉన్నదున్నట్టు చెప్పి ఎంఎల్‌సీ (ఆసుపత్రి పోలీసులకు తెలియజేసే మెడికో-లీగల్ కేసు) నమోదు చేయించండి. పరంజా విప్పేసేలోపే కంచె లేని అంచుకు, తెగిన బెల్టుకు ఫోటోలు తీయండి. మర్నాటికి అవేవీ ఉండవు.

రోజు కూలీకీ పరిహారం హక్కు ఉంది. మేస్త్రీ చేతులెత్తేస్తే పని అప్పగించిన అసలు కాంట్రాక్టరును అడగవచ్చు. హాజరు పుస్తకం ఫోటో, ఫోన్‌లో పడ్డ కూలి డబ్బుల వివరాలు, తోటివాళ్ల సాక్ష్యం చూపించండి. ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంటే దరఖాస్తు అక్కడే.

ప్రమాదం గురించి కాంట్రాక్టరుకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి రసీదు దాచండి. వైద్యం బిల్లులన్నీ ఉంచండి, ఆ ఖర్చు పరిహారంలో కోయకూడదు. కొంత చేతిలో పెట్టి ‘ఇంకేమీ అడగను’ అని సంతకం చేయించుకున్నా ఆ కాగితం హక్కును పోగొట్టదు. డబ్బు రాకపోతే జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో క్లెయిమ్ వేయండి, గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి 2 ఏళ్లు.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు సాయం దీనికి వేరు. అందుకు ముందే సభ్యత్వం ఉండాలి: వయసు 18-60, గత ఏడాదిలో 90 రోజుల పని.