మెల్‌బోర్న్‌లో ఇల్లు కొన్న కొత్తవాళ్లకు: లోన్ గడువు మీద ఒక కన్నేసి ఉంచండి

మా వీధిలో ఒక తమ్ముడు పోయిన నెల హోమ్ లోన్ ఇంకో బ్యాంకుకి మార్చుకున్నాడు. కొత్త బ్యాంకు క్యాష్‌బ్యాక్ ఇచ్చింది, నెలనెలా కట్టేది కూడా తగ్గింది. సంతోషంగా వచ్చి చెప్పాడు. "గడువు ఎన్నేళ్లు పెట్టారు?" అని అడిగాను. 30 అన్నాడు. పాత లోన్‌కి ఐదేళ్లు కట్టేశాడు, ఇంకా 25 ఏళ్లే మిగిలి ఉండేవి. అదంతా మళ్లీ మొదటికి వచ్చింది. బ్రోకర్ చెప్పలేదు, బ్యాంకు చెప్పలేదు, ఇతను అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పీఆర్ (శాశ్వత నివాస అనుమతి), డిపాజిట్, స్టాంప్ డ్యూటీ, సెటిల్‌మెంట్ అన్నీ దాటి తాళాలు చేతికి వచ్చినవాళ్ల కోసం ఇది. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు మనవాళ్లు ఎందరో ఇదే దశలో ఉన్నారు. కలిసినప్పుడల్లా "మీ రేటు ఎంత?" అని అడుగుతారు. ఇంకా ఎన్నేళ్లు కట్టాలో మాత్రం ఎవరూ అడగరు.

మేం ఇల్లు తీసుకుంది 2022 మొదట్లో. ఆ మే నెల నుంచి ఇక్కడి రిజర్వ్ బ్యాంకు రేట్లు పెంచడం మొదలుపెట్టింది. 0.10 శాతం ఉన్న రేటు 2023 నవంబరుకల్లా 4.35 అయింది, మొత్తం 13 సార్లు పెంచారు. నెల మొదటి మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి ప్రకటన వచ్చేది. మీటింగ్‌లో కూర్చున్నా నా చూపు ఫోన్ మీదే ఉండేది. కర్టెన్లు లేవు, డ్రైవ్‌వే పోయలేదు, వెనక అంతా మట్టి. ఆ టెన్షన్‌లో నేనూ మా ఆవిడా ఒక రాత్రి కూర్చుని స్టేట్‌మెంట్ లైను లైను చదివాం. కట్టే డబ్బులో అసలుకి పోతున్నది ఎంతో అప్పుడే కళ్లారా చూశాం.

మీరూ చూడండి. 6 లక్షల డాలర్ల లోన్, 6 శాతం వడ్డీ, 30 ఏళ్ల గడువు అనుకుందాం. నెలకి దాదాపు 3,597 కట్టాలి. మొదటి నెల అందులో 3,000 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 597. ఐదేళ్లు క్రమం తప్పకుండా కట్టినా ఇంకా 5 లక్షల 58 వేలు మిగిలే ఉంటుంది. ఇప్పుడు ఆ తమ్ముడిలా దాన్ని మళ్లీ 30 ఏళ్లకి పెడితే, రేటు మారకపోయినా కిస్తీ 3,347కి దిగుతుంది. నెలకి 250 మిగిలినట్టు కనిపిస్తుంది. చివరిదాకా అలాగే కడితే, పాత లెక్క ప్రకారం కట్టే దానికంటే లక్షా పాతిక వేల డాలర్లు ఎక్కువ కడతారు. క్యాష్‌బ్యాక్ రెండు మూడు వేలు ఏ మూలకి?

బ్యాంకు మారొద్దు అనడం లేదు. కొత్తగా చేరేవాళ్లకి ఇచ్చే రేటు పాత కస్టమర్లకి ఇవ్వకపోవడం మామూలే కాబట్టి ఏడాదికోసారి ఫోన్ చేసి అడగాల్సిందే. "వేరే బ్యాంకు ఇంత ఇస్తానంటోంది, వెళ్లిపోతున్నాను" అంటే చాలాసార్లు వాళ్లే తగ్గిస్తారు. తగ్గించకపోతే మారండి, కానీ ఫారంలో 25 ఏళ్లు మిగిలి ఉంటే 25 అనే రాయించండి. బ్రోకర్ "30 పెట్టుకోండి, ఎక్కువ కట్టుకోవచ్చు కదా" అంటాడు. అలా ఎక్కువ కట్టేవాళ్లు నూటికి ఎందరో మీకే తెలుసు. ఇంకొకటి, ఇంటి విలువలో మీ వాటా 20 శాతం దాటకుండా మారితే ఎల్‌ఎంఐ (లెండర్స్ మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్) ఖర్చు మళ్లీ మీ మీద పడొచ్చు. అది బ్యాంకుని కాపాడే ఇన్సూరెన్స్, మిమ్మల్ని కాదు.

రేట్లు తగ్గినప్పుడూ ఇదే జాగ్రత్త. 2025లో ఫిబ్రవరి, మే, ఆగస్టుల్లో మూడుసార్లు తగ్గించి 3.60కి తెచ్చారు. కొన్ని బ్యాంకులు కిస్తీ వాటంతట అవే తగ్గించాయి, కొన్ని మనం అడిగితేనే తగ్గించాయి. కిస్తీ తగ్గించమని అడగకండి. తగ్గించేసి ఉంటే పాత మొత్తానికి మీరే పెంచుకోండి. ఆ డబ్బు లేకుండా ఇన్నాళ్లూ బతికారు కదా! ఇంత తేలికైన పనిని కూడా వాయిదా వేస్తుంటే నాకు నిజంగా విసుగొస్తుంది.

ఆఫ్‌సెట్ ఖాతా (లోన్‌కి లింక్ చేసే ఖాతా) ఉంటే జీతం నేరుగా అందులోకే రావాలి. 40 వేలు అందులో ఉంటే 6 లక్షల లోన్‌కి 5 లక్షల 60 వేల మీదే వడ్డీ వేస్తారు. 6 శాతం లెక్కన ఏడాదికి 2,400 మిగిలినట్టే. అదే డబ్బు సేవింగ్స్‌లో పెడితే వచ్చే వడ్డీ మీద టాక్స్ కట్టాలి, ఇక్కడ ఆ బాధ లేదు. ఖాతా తెరవగానే సరిపోదు, అది లోన్‌కి లింక్ అయిందో లేదో స్టేట్‌మెంట్‌లో చూసుకోండి. ఫిక్స్‌డ్ (కొన్నేళ్లు రేటు మారని) లోన్లకి ఈ సౌకర్యం చాలావరకు ఉండదు, అదనంగా కట్టడానికీ పరిమితి ఉంటుంది.

రెండు వారాలకోసారి కడితే లోన్ త్వరగా తీరుతుందని అందరూ చెబుతారు. నెల కిస్తీలో సరిగ్గా సగం కడితేనే అది నిజం. ఏడాదికి 26 సగాలు, అంటే 13 నెలల డబ్బు కట్టినట్టు. కొన్ని బ్యాంకులు ఏడాది మొత్తాన్నే 26 భాగాలు చేస్తాయి, దానివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదు. కాలిక్యులేటర్ తీసి చూసుకోండి.

పొదుపు గురించి ఎక్కువ చెప్పను, మన ఇళ్లలో అది నేర్పే పంపారు. ఆఫీసుకి లంచ్ బాక్స్, ఆల్డీలో సరుకులు, బియ్యం పెద్ద బస్తా, ఫర్నిచర్ ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పాతది. వీటికంటే పెద్ద చిల్లు రెండో కారు. రేగో (కారు రిజిస్ట్రేషన్ ఫీజు), ఇన్సూరెన్స్, సర్వీసింగ్, పెట్రోలు కలిపి ఒక ఏడాది ఖర్చు రాసి చూడండి. వి-లైన్ రైలు స్టేషన్ దగ్గర్లో ఉన్నవాళ్లు మొదటి రెండేళ్లు ఒకే కారుతో నెట్టుకురావచ్చు, మేమూ అలాగే నెట్టుకొచ్చాం. కార్ ఇన్సూరెన్స్ రెన్యువల్ కాగితం రాగానే కట్టేయకండి, అదే కంపెనీ వెబ్‌సైట్‌లో కొత్త కోట్ తీసుకుని పోల్చండి. కరెంటు ప్లాన్లు పోల్చడానికి ప్రభుత్వం వాళ్ల విక్టోరియన్ ఎనర్జీ కంపేర్ వెబ్‌సైట్ ఉంది. అమ్మానాన్నలకి పంపే డబ్బు మాత్రం తగ్గించకండి, దాన్ని బడ్జెట్‌లో మొదటి గీత మీదే రాసుకోండి. పిల్లల పుట్టినరోజుకి హాలు తీసుకోవడం గురించి నేను గట్టిగా చెబితే కొందరికి కోపం వస్తుంది, అయినా చెబుతున్నాను. లోన్ మొదటి ఐదేళ్లు ఇంట్లో చేసుకోండి.

లక్ష్యం జనవరి నుంచి కాకుండా జులై 1 నుంచి పెట్టుకోండి. ఇక్కడ ఆర్థిక సంవత్సరం అదే, టాక్స్ రిఫండ్ కూడా ఆ తర్వాతే వస్తుంది. "ఎక్కువ కడదాం" అనుకుంటే ఏమీ జరగదు. "వచ్చే జూన్ 30కి బ్యాలెన్స్ ఇంతకి దిగాలి" అని ఒకే అంకె రాసి ఫ్రిజ్ మీద అంటించండి. జీతం రెండు వారాలకోసారి వచ్చేవాళ్లకి ఏడాదిలో రెండు నెలలు మూడు జీతాలు పడతాయి. ఆ మూడోది, రిఫండ్, బోనస్, ఈ మూడూ కలిస్తేనే అంకెలో సగం దారి నడిచినట్టు. ముందుగా మూడు నెలల ఖర్చు ఆఫ్‌సెట్‌లో నిలవాలి. కౌన్సిల్ రేట్లు (ఇంటి పన్ను), నీళ్ల బిల్లు నెలనెలా రావు కాబట్టి వాటికీ పక్కన పెట్టండి.

ఇదంతా చదివి గుండె బరువెక్కితే ఒక మాట. ముందే చెబితే మిగతాది చదవరని ఇక్కడిదాకా ఆపాను. పైన చెప్పిన లోన్‌కే మొదటి నుంచి నెలకి 100 ఎక్కువ కడితే రెండేళ్ల పైన తగ్గుతుంది. 500 కట్టగలిగితే 22 ఏళ్లలో తీరుతుంది, వడ్డీ 2 లక్షల డాలర్లకి పైగా మిగులుతుంది. మొదటి రెండేళ్లు బ్యాలెన్స్ పెద్దగా కదలదు, ఎవరికీ కదలదు. మీ తప్పేం లేదు.

ఉద్యోగం పోయినా, ఒంట్లో బాగోలేకపోయినా బ్యాంకులో హార్డ్‌షిప్ టీమ్ (కిస్తీ కట్టలేనివాళ్ల కోసం) ఉంటుంది, మీ అభ్యర్థనని వాళ్లు పరిశీలించి తీరాలి. 1800 007 007 నేషనల్ డెట్ హెల్ప్‌లైన్, డబ్బు తీసుకోకుండా సలహా ఇస్తారు. పరువు పోతుందని మనవాళ్లు రెండు కిస్తీలు తప్పేదాకా నోరు విప్పరు. తప్పేలా ఉందని అనుమానం వచ్చిన వారమే ఫోన్ చేయండి, అప్పటికి మీ ముందు ఎక్కువ దారులు ఉంటాయి.