పాటలు చేసుకోవడానికి ల్యాప్‌టాప్ ఎలా ఎంచుకోవాలి?

మూడేళ్ల కిందట మే నెలలో, అనంతపురంలో మా మిద్దె మీది గదిలో చెక్కభజన రికార్డు చేస్తున్నాం. మైకులో పడుతుందని సీలింగ్ ఫ్యాన్ ఆపేశాం, కిటికీలు మూశాం. రెండో చరణం ఎత్తుకునేసరికి ల్యాప్‌టాప్ ఫ్యాన్ పిండిమిషన్ మాదిరి మోత పెట్టింది. ఇంకాసేపటికి హెడ్‌ఫోన్లలో ఆవాలు పేలినట్టు చిటపటలు. "ఏమప్పా, మళ్లీ మొదట్నించేనా?" అని జట్టు పెద్దాయన కండువాతో చెమట తుడుచుకుంటూ అడిగాడు. ల్యాప్‌టాప్ మీద ‘ఐ7’ స్టిక్కరు మాత్రం ధగధగలాడుతూనే ఉంది.

ఆ స్టిక్కరును నమ్మే కొన్నాను నేను. మీరు అలా కొనకండి. మీ పాటను అంగడికి తీసుకుపోయి, ఆ మిషన్ మీద ఆడించి చూసి కొనండి. ఎలాగో వరసగా చెప్తాను.

ముందు సాఫ్ట్‌వేర్ తేల్చుకోండి

పాటలు రికార్డు చేసి కలిపే సాఫ్ట్‌వేర్లలో లాజిక్ ప్రో విండోస్‌లో నడవదు, ల్యాప్‌టాప్ అయితే మ్యాకే కావాలి. ఎఫ్‌ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్, క్యూబేస్, రీపర్ విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తాయి. మీతో కలిసి పనిచేసేవాళ్లు ఏది వాడుతుంటే అదే పట్టుకోండి, ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడం తేలిక. ఎవరూ లేరా? రీపర్‌తో మొదలుపెట్టండి. 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, సొంతానికైతే లైసెన్సు 60 డాలర్లే. స్నాప్‌డ్రాగన్ చిప్పున్న విండోస్ ల్యాప్‌టాప్ ఎవరైనా చూపిస్తే మాత్రం, మీ ప్లగిన్లూ (సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే ఎఫెక్టులు, వాయిద్యాలు) ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె) డ్రైవరూ దాని మీద పనిచేస్తాయో లేదో తెలుసుకునేదాకా డబ్బు తీయకండి.

ప్రాసెసర్ పేరులో చివరి అక్షరం చదవండి

అసలు మోసపోయేది ఇక్కడే. 2022లో వచ్చిన రెండు చిప్పులు చూడండి. ఐ7-1255యు లో మొత్తం 10 కోర్లు (చిప్పులో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), ఐ5-12450హెచ్ లో 8. పదే మేలు అనిపిస్తుంది కదా? కానీ మొదటిదానిలో బలమైన పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. రెండోదానిలో పెద్దవి నాలుగు. ‘యు’ చిప్పు 15 వాట్లకు, ‘హెచ్’ చిప్పు 45 వాట్లకు లెక్కేసి చేసినవి.

పాటకు ఇది ఎందుకు ముఖ్యమంటే, ఒక ట్రాక్ (ఒక గొంతు లేదా ఒక వాయిద్యం రికార్డింగ్) మీద వేసిన ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్ లాంటి ఎఫెక్టులు ఒకదాని తర్వాత ఒకటి నడవాలి. ఆ గొలుసును సాధారణంగా పది కోర్లకు పంచడం కుదరదు. కాబట్టి ఒక్కో కోరు ఎంత చురుగ్గా, ఎంతసేపు అలసిపోకుండా పరుగెత్తుతుందనేదే లెక్క. నా ఐ7 కూడా ‘యు’ రకమే. ఆఫీసు పనికి బంగారం, పాటకు కాదు.

గ్రాఫిక్స్ కార్డు సంగీతానికి దాదాపు అక్కర్లేదు. "ఇది తీసుకోన్నా, గేములకు సూపరు" అని అంగట్లో కుర్రాడు అంటే నవ్వి ఊరుకోండి. కాకపోతే ‘హెచ్’ చిప్పులు ఎక్కువగా గేమింగ్ మోడళ్లలోనే దొరుకుతాయి, చల్లబరిచే ఏర్పాటు కూడా వాటిలో బాగుంటుంది. మోత ఎక్కువ, ఛార్జింగ్ నిలవదు. అది ఒప్పుకుంటే కొనొచ్చు.

ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు. కాంటాక్ట్ అని, రికార్డు చేసిపెట్టిన వాయిద్యాల శబ్దాలను (శాంపిళ్లను) వాయించే ప్లగిన్ ఉంది. అందులో వీణో వయొలిన్లో నాలుగు తెరిచేసరికి 8 జీబీ నిండిపోవచ్చు. ర్యామ్ బోర్డుకు అతికించేసిందా, తర్వాత వేసుకోవచ్చా అని అడగండి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర స్లాట్ల సంఖ్య కనిపిస్తుంది కానీ అతికించిన చిప్పులను కూడా ఒక్కోసారి స్లాట్లుగానే చూపిస్తుంది. మోడల్ నంబరుతో కంపెనీ వివరాల్లో చూసుకోవడమే మేలు. ఎస్‌ఎస్‌డీ 512 జీబీ ఉంటే చాలు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి దాదాపు 8.6 ఎంబీయే పడుతుంది. చోటు తినేది మీ గొంతు కాదు, ఆ వాయిద్యాల శాంపిల్ లైబ్రరీలు. వాటిని బయటి ఎస్‌ఎస్‌డీలో పెట్టుకోండి.

మన ఎండ సంగతి

మ్యాక్‌బుక్‌ను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెప్తుంది. ఏప్రిల్, మేలో అనంతపురం గానీ కర్నూలు గానీ కడప గానీ 40 దాటడం మనకు వింత కాదు. ఎం1 నుంచి వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లలో ఫ్యానే లేదు. రికార్డింగ్ గదిలో అంత నిశ్శబ్దం వరమే. కానీ గది కాలిపోతుంటే వేడి పోయే దారిలేక చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఏసీ ఉన్నవాళ్లు ఎయిర్ తీసుకోండి. లేనివాళ్లు ఫ్యాన్ ఉన్న మ్యాక్‌బుక్ ప్రో గానీ మంచి ‘హెచ్’ మిషన్ గానీ తీసుకుని, దాన్ని మైకుకు దూరంగా, పొడుగు కేబుల్‌తో పక్క గదిలో పెట్టుకోండి. నేను ఇప్పుడు చేసేది అదే.

అంగట్లో అరగంట

పెన్‌డ్రైవ్‌లో రీపర్ పోర్టబుల్ ఇన్‌స్టాల్ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది) పెట్టుకోండి. ఒక ప్రాజెక్టు కూడా: ఇరవై ట్రాకులు, ప్రతిదాని మీదా రీపర్‌తో వచ్చే ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్. ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే దాన్నీ సంచిలో వేసుకోండి. మా ఊళ్లో సుభాష్ రోడ్డులో ఒక అంగడాయన మొదట అనుమానంగా చూశాడు గానీ, డెమో పీసు మీదే అనేసరికి కుర్చీ వేశాడు.

ఛార్జర్ పెట్టి, రీపర్ ఆడియో సెట్టింగుల్లో బఫర్‌ను 128 శాంపిళ్లకు తగ్గించి ఆడించండి. బఫర్ అంటే ల్యాప్‌టాప్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు ముక్క; ఇక్కడ శాంపిల్ అంటే శబ్దానికి తీసే ఒక్కో కొలత, వాయిద్యం కాదు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 అంటే 2.7 మిల్లీసెకన్లు. 1024 పెడితే 21 దాటుతుంది. అప్పుడు మీరు చెక్క కొట్టిన తర్వాత కాస్త ఆగి హెడ్‌ఫోన్లో వినిపిస్తుంది, తాళం తప్పుతుంది. మిక్సింగ్‌కు 1024 పర్లేదు, పాడేటప్పుడు 128 కావాలి. చిటపట వచ్చేదాకా ట్రాకులను కాపీ చేసుకుంటూ పోండి. రెండు మూడు మోడళ్ల మీద ఇదే చేసి ఎన్ని ట్రాకులకు చేతులెత్తేసిందో కాగితం మీద రాసుకోండి. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా చిటపటలొస్తే తప్పు డ్రైవర్లది కావచ్చు, తరచూ వైఫైదే. వైఫై ఆపి మళ్లీ ఆడించండి.

ఛార్జర్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి హెడ్‌ఫోన్లో వినండి. పెట్టినప్పుడే గుయ్‌మని హమ్ వస్తే, ల్యాప్‌టాప్ ఒంటి మీద చెయ్యి పెడితే జిలజిలమంటే, అనుమానించాల్సింది అడాప్టర్‌ను, ఎర్తింగ్‌ను. ఇంట్లో ఎర్త్ సరిగ్గా ఉన్న త్రీపిన్ సాకెట్‌కే పెట్టండి, మూడో పిన్ను మాత్రం విరవకండి.

డబ్బు కట్టేముందు వాపసు ఎన్ని రోజుల్లోపు తీసుకుంటారో బిల్లు మీద రాయించుకోండి. ఇంటికి తెచ్చిన మర్నాడే, మధ్యాహ్నం రెండింటికి, ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి అదే ప్రాజెక్టును గంటసేపు ఆడించండి. అంగట్లో ఏసీ కింద నలభై ట్రాకులు లాగింది ఇక్కడ ముప్పై అయినా లాగితే ఉంచుకోండి. ఇరవైకే చిటపటలు మొదలైతే సాయంత్రం బిల్లు పట్టుకుని బయల్దేరండి.