శాసనంలో శక సంవత్సరం ఉంటే క్రీస్తు శకం ఎలా లెక్కకట్టాలి?

శకానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని బళ్ళో అందరం నేర్చుకున్నాం. ఆ ఒక్క ముక్క పట్టుకుని తిరుమల శాసనాల సంపుటం ముందు కూర్చుంటే మాత్రం కాసేపటికే తికమక మొదలవుతుంది. శ్రీకృష్ణదేవరాయలు మొదటిసారి కొండకు వచ్చినప్పటి శాసనమే చూడండి. అందులో శకం 1434, ఆంగీరస సంవత్సరం అని ఉంటుంది. 78 కలిపితే 1512. చరిత్ర పుస్తకాలేమో 1513 ఫిబ్రవరి 10 అంటాయి. పుస్తకాలూ తప్పు కాదు, శాసనమూ తప్పు కాదు. మన కూడికలోనే ఒక మెట్టు దాటేశాం.

ముందు అది ఏ లెక్కో చూడండి

అంకె కనబడగానే కూడిక మొదలుపెట్టకండి. దాని పక్కన ఏం రాసుందో చదవండి. 'శాలివాహన శక వర్షంబులు' అనో, తమిళంలో 'శకాబ్దం' అనో ఉంటే అది శకం (తిరుమల గోడల మీదివి చాలావరకు తమిళ శాసనాలే). 'కలి' అని ఉంటే, గడిచిన కలి సంవత్సరాల నుంచి 3101 తీసేయాలి. విక్రమ శకం మన వైపు అరుదు. దాన్నుంచి 57 తీసేస్తే సరిపోతుంది.

చిత్తూరు జిల్లా వాళ్ళకు వీటికంటే ఎక్కువగా తగిలేది ఫసలి. పొలం కాగితాల్లో, అడంగల్ నకళ్ళలో కనబడేది ఇదే. ఫసల్ అంటే పంట. శిస్తు వసూలు కోసం పెట్టుకున్న ఈ లెక్కలో ఏడాది జూలై 1న మొదలవుతుంది. జూలై నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి జూన్ దాకా 591 కలపాలి. మా ఇంట్లో 'ఫసలి 1359' అని ఉన్న కాగితం ఒకటుంది. మా చిన్నాయన దానికి 78 కలిపి 1437 తేల్చి, "చూడ్రా, రాయలు పుట్టకముందు నుంచే ఈ చేను మనది" అన్నాడు. అచ్చు ఫారం మీద 1437 ఎలా వస్తుందని అడిగితే గానీ ఆయన మళ్ళీ లెక్క వేయలేదు. నిజానికి అది 1949-50 నాటిది.

తర్వాత ఉగాదికి ఏ వైపో చూడండి

చిక్కంతా ఇక్కడే. క్రీస్తు శకం జనవరి 1న మారుతుంది, మన సంవత్సరం ఉగాదికి మారుతుంది. కాబట్టి ఉగాది నుంచి డిసెంబరు ఆఖరు దాకా 78, జనవరి నుంచి తర్వాతి ఉగాది దాకా 79 కలపాలి. రాయలు వచ్చిన ఫిబ్రవరికి ఉగాది ఇంకా రాలేదు. అంటే 1434కు 79 కలపాలి, 1513 సరిగ్గా వస్తుంది.

అదే ఏడాది మే 2న ఆయన రెండోసారి వచ్చాడు. ఈలోపు ఉగాది వెళ్ళిపోయింది కనుక అది శకం 1435, శ్రీముఖ. ఈసారి 78 కలిపినా 1513 వస్తుంది. క్రీస్తు శకంలో ఒకే ఏడాదిలో పడిన రెండు యాత్రలు శకంలో రెండేళ్ళలో పడ్డాయి. పుష్యం, మాఘం, ఫాల్గుణం కనబడితే 79 వైపు అనుమానించండి. పుష్యం కొంత డిసెంబరులోనూ పడుతుంది కనుక ఆ ఒక్క నెల దగ్గర తిథి కూడా చూసుకోవాలి. తమిళ శాసనంలో సౌరమాసం ఉంటే ఏడాది మేష సంక్రమణంతో, అంటే సూర్యుడు మేషరాశిలోకి వచ్చే రోజుతో, మారుతుందని గుర్తుంచుకోండి.

పేరుతో సరిచూడండి

మన పెద్దవాళ్ళు అంకెతో పాటు సంవత్సరం పేరు కూడా రాసి మనకు పెద్ద ఉపకారమే చేశారు. శకానికి 12 కలిపి 60తో భాగించండి. శేషం ఎంతో, ప్రభవ నుంచి లెక్కపెడితే అన్నో పేరు. శేషం సున్నా అయితే అరవయ్యోది, అక్షయ. 1434కు 12 కలిపితే 1446, శేషం 6. ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత, ప్రజోత్పత్తి, ఆంగీరస. సరిపోయింది. 2025 ఉగాదికి వచ్చిన శకం 1947తో మీరే చేసి చూడండి, శేషం 39, విశ్వావసు.

పేరు ఒకటి అటూ ఇటూ అయితే టెన్షన్ పడొద్దు. శకాన్ని సాధారణంగా గడిచిన ఏళ్ళతో చెబుతారు, మనం వయసు చెప్పినట్టు. కొన్ని శాసనాల్లో మాత్రం నడుస్తున్న ఏడాదిని చెబుతారు, పిల్లాడు ఒకటో తరగతి చదువుతున్నాడని అన్నట్టు. అలాంటప్పుడు అంకె ఒకటి ఎక్కువుంటుంది, తగ్గించుకోవాలి. అంకెకూ పేరుకూ తగువు వస్తే నేను పేరు వైపే మొగ్గుతాను.

క్రీస్తు శకం మొదటి నుంచీ ఆ తరగతి లెక్కే, అంటే నడుస్తున్న ఏడాదినే చెబుతుంది. క్రీ.శ. 525లో రోమ్‌లో ఉన్న డయొనీసియస్ ఎక్సిగస్ అనే సన్యాసి ఈస్టర్ తేదీల పట్టిక తయారుచేస్తూ ఈ లెక్క మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఆ పట్టికల్లో వాడిన ఏళ్ళు డయోక్లీషియన్ చక్రవర్తి పేరు మీద ఉండేవి. క్రైస్తవులను హింసించినవాడి పేరు ఎందుకని ఆయన క్రీస్తు పుట్టుక నుంచి లెక్కించాడు. ఆ లెక్కలో సున్నా ఏడాది లేదు. క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1. తిరుపతి దగ్గరి గుడిమల్లం గుడిలోని పాత శివలింగం క్రీ.పూ. 100 నాటిదని లెక్క కోసం అనుకుంటే, 2025కు 2125 ఏళ్ళు కాదు, 2124. రెండూ కూడి ఒకటి తీసేయాలి. కొత్త పుస్తకాల్లో సా.శ. అని ఉంటే కంగారు పడకండి. సామాన్య శకం అన్నా అంకెలు అవే.

ఇప్పటి క్యాలెండర్ వచ్చింది 1582లో. అంతకు ముందు తేదీలు చరిత్ర పుస్తకాల్లో మామూలుగా పాత జూలియన్ లెక్కలోనే ఉంటాయి. ఇప్పటి క్యాలెండర్ ప్రకారమైతే రాయలు వచ్చిన రోజు ఫిబ్రవరి 20 అవుతుంది. ఫోన్‌లో యాప్ పెట్టి తిథి సరిచూసేవాళ్ళు ఈ పది రోజుల దగ్గరే బోల్తా పడతారు.

శకమే లేని శాసనాల సంగతి వేరు. భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని సమర్పించిన పల్లవ రాణి సామవాయి శాసనంలో రాజు ఏలుబడిలో 14వ ఏడు అని మాత్రమే ఉంది. ఆ రాజు ఎవరన్న దాన్నిబట్టి కొన్ని పుస్తకాలు 614 అంటాయి, కొన్ని 966 అంటాయి. అలాంటి చోట ఏ కూడికా పనిచేయదు. మీ నోట్‌బుక్‌లో '14వ రాజ్యసంవత్సరం' అని ఉన్నదున్నట్టు రాసుకుని, పక్కన రెండు తేదీలూ వేసుకోండి.