రికార్డు ఇంటికి మోసుకెళ్లకండి

'చదవడానికి టైమే ఉండట్లేదు మేడమ్' అని ఎవరైనా నా దగ్గరికొస్తే, నిన్న సాయంత్రం ఇంటికెళ్లాక ఏమేం చేశావో వరసగా చెప్పమంటాను. ల్యాబు రికార్డు రాశాను, అసైన్‌మెంట్ దించాను, ప్రాజెక్టు రివ్యూకి పీపీటీ చేశాను అంటారు. సాయంత్రమంతా కష్టపడ్డారు, అందులో అబద్ధం లేదు. కానీ ఏ సబ్జెక్టులోనూ ఒక్క పేజీ ముందుకు కదిలి ఉండరు. నేను హైదరాబాద్ శివార్లలో, జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్ జేఎన్‌టీయూ) అనుబంధ ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) పాఠాలు చెబుతాను, ల్యాబులు చేయిస్తాను. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, మన పిల్లల్ని సిలబస్ కన్నా ఎక్కువగా ముంచుతున్నవి ఈ అప్పగించాల్సిన పనులే.

అప్పగించే పనికి తేదీ ఉంటుంది, అడిగే మనిషి ఉంటారు. నేర్చుకునే పనికి ఆ రెండూ ఉండవు. అందుకే మొదటిది రెండోదాని టైమ్‌ని ఎప్పుడూ తినేస్తుంది. కాబట్టి నా మొదటి మాట ఇది: అప్పగించే పనిని వీలైనంతవరకు కాలేజీ గేటు దాటనివ్వకండి. ఇంట్లో దొరికే ఆ కాసిని గంటలూ నేర్చుకోవడానికే ఉంచుకోండి.

ముందు ల్యాబు

కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్ (ట్రాన్సిస్టర్‌తో సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ ప్రయోగమే తీసుకుందాం. ఇన్‌పుట్ మార్చకుండా ఉంచి, ఫంక్షన్ జనరేటర్‌లో ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ పోతారు. సీఆర్‌ఓ (సిగ్నల్‌ని తెర మీద చూపే పరికరం) మీద అవుట్‌పుట్ చూసి రాసుకుంటారు. తర్వాత గెయిన్‌ని, అంటే ఇన్‌పుట్‌కి అవుట్‌పుట్ ఎన్ని రెట్లో దాన్ని, డెసిబెల్స్‌లోకి మార్చి సెమీలాగ్ షీటు (ఒకవైపు లాగరిథమ్ స్కేలు ఉండే గ్రాఫు కాగితం) మీద గీస్తారు. గరిష్ఠ గెయిన్‌కి 3 డెసిబెల్స్ కింద అడ్డంగా ఒక గీత గీస్తే, అది గ్రాఫుని తాకే రెండు ఫ్రీక్వెన్సీల తేడాయే బ్యాండ్‌విడ్త్. ల్యాబులో బోర్డు ఎదురుగా ఉండగా చేస్తే ఈ లెక్కా గ్రాఫూ కలిపి అరగంట పని.

ఇదే పనిని నెల తర్వాత ఇంట్లో చేయబోతే ఎలా ఉంటుందో చూడండి. ల్యాబులో రీడింగులు రాసుకునే అబ్జర్వేషన్ బుక్‌లో '2.4' అని ఉంటుంది, వోల్టులో మిల్లీవోల్టులో రాసి ఉండదు. పీక్ టు పీక్ కొలిచారో లేదో గుర్తుండదు. సెమీలాగ్ షీటు ఇంట్లో ఉండదు, రాత్రి తొమ్మిదింటికి స్టేషనరీ షాపులు వెతుక్కోవాలి. చివరికి పక్క బ్యాచ్ వాళ్ల రికార్డు ఫోటోలు తెప్పించుకుని దించేస్తారు. రాత్రి ఒంటిగంట అవుతుంది. మూడు డెసిబెల్సే ఎందుకు తగ్గించాలో మాత్రం తెలియదు. వైవాలో (నోటి పరీక్షలో) ఎగ్జామినర్ అడిగేది సరిగ్గా అదే. జవాబు చిన్నదే: అక్కడ పవర్ సగానికి పడిపోతుంది కాబట్టి.

అందుకని మా పిల్లలకి ఇలా చెబుతాను. బ్యాచ్‌లో ముగ్గురుంటే ఒకరు కనెక్షన్లు, ఒకరు రీడింగులు చూసుకోండి. మూడో మనిషి రీడింగ్ వచ్చినప్పుడల్లా అక్కడే లెక్కగట్టి గ్రాఫు మీద చుక్క పెట్టాలి. ఒక చుక్క వరస తప్పి ఎక్కడో పడిందంటే ప్రోబ్ వదులైందో, స్కేలు తప్పు చదివారో వెంటనే తెలిసిపోతుంది. సర్క్యూట్ ఇంకా విప్పలేదు కాబట్టి మళ్లీ కొలవొచ్చు. వారం వారం ఈ పనులు మార్చుకోండి, లేకపోతే ఒకరికి కనెక్షన్లు ఎప్పటికీ రావు. ఎయిమ్, సర్క్యూట్ డయాగ్రమ్, ప్రొసీజర్ ముందురోజు లైబ్రరీ పీరియడ్‌లోనే రాసేసుకోండి. బ్యాగులో ఒక ఫోల్డర్ పెట్టి, మామూలు గ్రాఫు షీట్లు, సెమీలాగ్ షీట్లు, పెన్సిల్, స్కేలు సెమిస్టర్ మొదట్లోనే అందులో వేసేయండి. ల్యాబు అయిపోయే ముందు అబ్జర్వేషన్‌లో సంతకం పెట్టించుకోండి. సంతకం పడని రీడింగుల కోసం స్టాఫ్ రూమ్ చుట్టూ తిరగడం ఒక పెద్ద పని అయి కూర్చుంటుంది.

సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ప్రోగ్రామ్ రన్ అయిన నిమిషంలోనే అవుట్‌పుట్ సేవ్ చేసుకుని, తేదీ, ప్రయోగం నంబరుతో మీ మెయిల్‌కి పంపుకోండి.

మార్కులు ఎక్కడున్నాయో చూసుకోండి

చాలామంది రెగ్యులేషన్ బుక్ తెరవరు. ఆర్22 (జేఎన్‌టీయూహెచ్ 2022 రెగ్యులేషన్) ప్రకారం థియరీ సబ్జెక్టుకి ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60. పాసవ్వాలంటే ఇంటర్నల్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో 21, మొత్తం మీద 40 రావాలి. ఎక్స్‌టర్నల్ మూడు గంటలు. పార్ట్ ఏలో ఒక్కో మార్కు ప్రశ్నలు పది, అన్ని యూనిట్ల నుంచీ వస్తాయి. పార్ట్ బీలో అయిదు యూనిట్లకి అయిదు ప్రశ్నలు, ఒక్కోటీ 10 మార్కులు, ప్రతి యూనిట్ లోపల 'ఇదైనా అదైనా' అనే చాయిస్ ఉంటుంది. మీది అటానమస్ కాలేజీ అయితే, లేదా మీ బ్యాచ్‌కి వేరే రెగ్యులేషన్ ఉంటే, లెక్క మారవచ్చు. మీ బుక్ మీరే చూసుకోండి.

ఈ లెక్క చూశాక 'మూడు యూనిట్లు గట్టిగా చదివితే చాలు' అన్న మాట ఎంత నష్టమో అర్థమవుతుంది. చాయిస్ యూనిట్ లోపలే ఉంది, యూనిట్ల మధ్య లేదు. రెండు యూనిట్లు వదిలేస్తే పార్ట్ బీలోనే 20 మార్కులు పోయినట్టే. ప్రతి యూనిట్ నుంచి రెండు మూడు పెద్ద ప్రశ్నలు బాగా వచ్చేలా చూసుకోవడం ఎంతో మేలు.

సెమిస్టర్‌లో రెండు మిడ్‌లు, అంటే ఇంటర్నల్ పరీక్షలు, ఉంటాయి. మొదటి మిడ్‌కి వచ్చేది మొదటి రెండున్నర యూనిట్లు, రెండో మిడ్‌కి మిగతావి. అంటే రెండు మిడ్‌లకీ శ్రద్ధగా చదివినవాళ్లకి ఎక్స్‌టర్నల్ ముందు కొత్తగా చదవాల్సింది పెద్దగా ఉండదు. ఆ ప్రిపరేషన్ సెలవుల్లో ప్రాక్టికల్ పరీక్షలు కూడా పడతాయి. అప్పుడు మొదలుపెడదాం అనుకునేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అసైన్‌మెంట్‌కి 5 మార్కులు. రంగు పెన్నులతో హెడ్డింగులు దిద్దుతూ సాయంత్రం ఖర్చు చేయకండి. ముందు పుస్తకం మూసేసి వచ్చినంతవరకు రఫ్‌గా రాయండి, ఆగిపోయిన చోట పుస్తకం తెరవండి, తర్వాతే ఫెయిర్ చేయండి. చాలాసార్లు అసైన్‌మెంట్ ప్రశ్నలే మిడ్‌లో తిరిగొస్తాయి, కాబట్టి ఒకే కష్టానికి రెండు చోట్ల మార్కులు పడతాయి.

ఫ్రిజ్ మీద కాగితం

అకడమిక్ క్యాలెండర్ రాగానే రెండు మిడ్‌లు, ప్రాక్టికల్స్, ఎక్స్‌టర్నల్స్, ప్రాజెక్టు రివ్యూ తేదీలు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించండి. ఇది మీకన్నా ఇంట్లోవాళ్ల కోసం. ఆషాఢంలో బోనాలు, తర్వాత వినాయక చవితి, బతుకమ్మ, దసరా, మధ్యలో పెళ్లిళ్లు. అమ్మకి తేదీ ముందే తెలిస్తే 'మిడ్స్ ఉన్నయి, ఈసారి మేమిద్దరమే పోయొస్తం' అని తనే అంటుంది. ముందురోజు చెబితే మాత్రం గొడవ. నిమజ్జనం రోజు ట్రాఫిక్‌లో లైబ్రరీకి పోయి చదువుకుందామని ప్లాన్ వేసుకోకండి.

బస్సులో ఏం చేయాలి

ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మొయినాబాద్, దుండిగల్, మేడ్చల్ వైపు కాలేజీలకి వెళ్లేవాళ్లకి రోజులో పెద్ద భాగం రోడ్డు మీదే గడిచిపోతుంది. బస్సులో పుస్తకం చదవమని నేను చెప్పను. కుదుపులకి కళ్లు తిరుగుతాయి, పైగా ఎక్కేది తక్కువ. పొద్దున ప్రయాణంలో కళ్లు మూసుకుని నిన్నటి ఒక్క క్లాసుని మొదటి నుంచి చివరిదాకా గుర్తు తెచ్చుకోండి. సార్ ఎక్కడ మొదలుపెట్టారు, బోర్డు మీద ఏ బొమ్మ గీశారు, ఏ స్టెప్పు దగ్గర మీకు అర్థం కాలేదు? ఆ అర్థంకాని చోటు కాలేజీలో దిగగానే నోట్స్‌లో చూసుకోండి. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో నిలబడి వెళ్లేవాళ్లు కూడా ఇది చేయొచ్చు, చేతిలో ఏమీ అక్కర్లేదు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో మాత్రం హాయిగా నిద్రపోండి. ఆ నిద్ర ఉంటేనే ఇంటికెళ్లాక మనుషుల్లా కూర్చోగలుగుతారు.

పుస్తకం మూసి చదవడం

గుర్తు తెచ్చుకోవడం మీద నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అమెరికాలో సైకాలజీ పరిశోధకులు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకే పాఠాన్ని కొందరు విద్యార్థులు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి తర్వాత చూడకుండా రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. పరీక్ష హాలు బయట ఆఖరి నిమిషం దాకా పేజీలు తిప్పేవాళ్లకి అంతా వచ్చినట్టే అనిపించడానికీ, రెండో మిడ్ వచ్చేసరికి మొదటి యూనిట్ పూర్తిగా పోవడానికీ కారణం ఇక్కడే ఉంది.

పద్ధతి తేలిక. ఒక టాపిక్ చదవండి. పుస్తకం మూసేయండి. తెల్ల కాగితం మీద బొమ్మ, ఫార్ములా, నాలుగు ముక్కల వివరణ రాయండి. ఖాళీగా మిగిలిన చోటే మీరు చదవాల్సిన చోటు. రెండు రోజులాగి అదే కాగితం మళ్లీ ఖాళీగా మొదలుపెట్టండి. మొదట్లో చిరాకు పుడుతుంది, ఏమీ రావట్లేదని టెన్షన్ పడతారు. ఆ చిరాకు దగ్గర ఆపేయకండి. అప్పుడే నిజంగా ఎక్కుతోంది.

ఇంట్లో చోటు లేనివాళ్లు, టీవీ గోల ఉన్నవాళ్లు లైబ్రరీ వెతుక్కోండి. చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉద్యోగ పరీక్షలకి చదివేవాళ్లతో నిండిపోతుంది, పొద్దున్నే వెళ్లాలి. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. ఆ ఎత్తయిన హాల్లో కూర్చుంటే ఫోన్ తీయబుద్ధి కాదు. ఆ దారిలోనే కోఠిలో పాత పుస్తకాల షాపులున్నాయి, ముందటి ఎడిషన్ తక్కువ ధరకి దొరికితే తీసుకోండి. బేసిక్స్ మారవు.

క్లాసు వాట్సాప్ గ్రూపు రోజుకి రెండుసార్లు చూస్తే చాలు. నిజంగా అర్జెంటైతే సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) ఫోన్ చేస్తారు.

ఏది వదిలేయాలి

మూడో ఏడాది వచ్చేసరికి సీఆర్‌టీ (క్యాంపస్ ఉద్యోగాల శిక్షణ) క్లాసులు, కోడింగ్ ప్రాక్టీస్, హ్యాకథాన్, ఆన్‌లైన్ సర్టిఫికెట్లు, అమీర్‌పేటలో ఏదో కోర్సు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఒక సెమిస్టర్‌లో కాలేజీ బయటి పని ఒక్కటే పెట్టుకోండి. బ్యాక్‌లాగ్ (ఫెయిలై మిగిలిపోయిన సబ్జెక్టు) ఉంటే ఆ ఒక్కటీ బ్యాక్‌లాగే కావాలి. ఇది కటువుగా అనిపిస్తుందని తెలుసు. కానీ సగం సగం చేసిన నాలుగు కోర్సుల గురించి ఇంటర్వ్యూలో గట్టిగా నాలుగు ప్రశ్నలు అడిగితే నిలబడలేకపోయిన పిల్లల్ని చూశాను. ఒక్క ప్రాజెక్టు నిజంగా తమ చేతులతో చేసినవాళ్లు తడుముకోకుండా మాట్లాడతారు.

రికార్డు పూర్తి చేయడానికి క్లాసులు బంక్ కొట్టడం కూడా మానండి. అటెండెన్స్ 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే ఆరోగ్య కారణాల మీద, ఫీజు కట్టి కండొనేషన్ (తగ్గిన హాజరుకి మినహాయింపు) అడగాలి. 65 కన్నా తగ్గితే డిటెయినే, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఆ వెసులుబాటు నిజంగా డెంగీ వచ్చినప్పటికి దాచుకోండి.

వెనకబడిపోతే

వెంటనే చెప్పండి. ఎలా చెప్పాలో కూడా చెబుతాను. 'మేడమ్, చాలా ప్రాబ్లమ్స్ ఉన్నాయి' అంటే నేనేమీ చేయలేను. 'మేడమ్, నాలుగు ప్రయోగాలు రాయాల్సినవి ఉన్నాయి, రెండిటికి రీడింగులు లేవు. గురువారం లంచ్‌లో ల్యాబుకి రావచ్చా?' అని అడిగితే మాలో చాలామంది సరేనంటారు. గడువు దాటకముందు అడిగితే మాకు దారి ఉంటుంది. దాటాక మా చేతులు కూడా కట్టేసినట్టే.

నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బతకాలనిపించకపోవడం దాకా వస్తే చదువు సంగతి పక్కన పెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో ఒకరికీ, కాలేజీలో మీకు నమ్మకమున్న ఒక టీచరుకీ కూడా చెప్పండి. మార్కుల గురించి తర్వాత చూసుకుందాం.

పరీక్ష రోజు

హాల్‌టికెట్, ఐడీ కార్డు, రెండు పెన్నులు, క్యాలిక్యులేటర్ రాత్రే బ్యాగులో పెట్టి త్వరగా పడుకోండి. మీ చేతిలో 180 నిమిషాలుంటాయి. పార్ట్ ఏకి 20, పార్ట్ బీలో ఒక్కో ప్రశ్నకి 30 చొప్పున 150. బాగా వచ్చిన ప్రశ్న దగ్గర నలభై నిమిషాలు కూర్చుంటే చివరి యూనిట్‌కి చోటు మిగలదు, కాబట్టి 30 కాగానే రెండు లైన్లు వదిలి తర్వాతి దానికి వెళ్లిపోండి. మిగిలిన 10 నిమిషాల్లో ప్రశ్న నంబర్లు సరిగ్గా వేశారా, 'ఏ'కి రాసిన జవాబు 'బీ' కింద పడిందా, గ్రాఫుకి యూనిట్లు రాశారా చూసుకోండి.