మారణకాండల చరిత్ర చదువుకుంట ఇంగ్లీష్ పదాలు నేర్చుకునుడు ఎట్ల

గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే నల్లగొండ, పాలమూరు పిల్లలు ఎక్కువగ అడిగేది ఇదే: అన్నా, గ్రామర్ ఎట్లనో గట్టెక్కుతం గానీ ఎడిటోరియల్ పట్టుకుంటే సగం పదాలు సమజ్ కావు, లిస్టు బట్టీ పడితే వారం తిరిగేసరికి ఒక్కటి యాదుండదు. తెలుగు మీడియంల చదివి వచ్చినోళ్లకు ఈ బాధ నిజమైందే. నేను చెప్పేది ఏందంటే లిస్టు పక్కకు పెట్టి ఒక సంఘటన పట్టుకోండి, అండ్ల ఎవరు ఎవర్ని ఏం చేసిన్రు, ఎవరు చూసుకుంట ఊకున్నరు, తర్వాత ఏమైంది అన్నది పూర్తిగ తెలుసుకోండి, అప్పుడు పదం ఒక మనిషితోని ముడిపడి మనసుల నిలబడ్తది. జాతి హింస చరిత్రే ఎందుకంటే పేపర్ల ఇంటర్నేషనల్ పేజీ తెరిస్తే రోజూ కనబడే పదాలు అక్కడియే, పైగా ఈ చరిత్ర పరీక్ష ఉన్నా లేకున్నా మనకు తెలిసి ఉండాల్సిందే.

ఆఫ్రికాల ఉన్న చిన్న దేశం రువాండాతో మొదలుపెట్టండి, అక్కడి రెండు పెద్ద జాతులు హుటూలు, టుట్సీలు. ముందుగాల కథ తెలుగులనే చదవండి, సిగ్గు పడే పని లేదు, కథ తెలిసినంక ఇంగ్లీష్‌ల చదివితే తెల్వని పదం కూడ సందర్భంతోనే సగం అర్థమైతది. 1994 ఏప్రిల్ 6 రాత్రి ప్రెసిడెంట్ హబ్యారిమానా పోతున్న విమానాన్ని కూల్చిన్రు, తెల్లారి నుంచి దగ్గరదగ్గర 100 రోజులు హుటూ తీవ్రవాదులు టుట్సీలను, వాళ్లను కాపాడబోయిన హుటూలను చంపుకుంట పోయిన్రు, చనిపోయినోళ్లు 8 లక్షల దాకా అని ఎక్కువగ చెప్తరు. రోడ్ల మీద అడ్డం పెట్టి ఐడెంటిటీ కార్డు అడిగేటోళ్లు, కార్డు మీద టుట్సీ అని ఉంటే అక్కడ్నే ప్రాణం పోయేది. ఆ కార్డుల మీద జాతి రాసుడు 1930లల్ల బెల్జియం పాలనల మొదలైంది. ఈ ఒక్క ముక్కలనే ఎత్నిసిటీ, కలోనియల్, రోడ్‌బ్లాక్, ఎక్స్‌ట్రీమిస్ట్ అన్నీ వచ్చేసినయి చూడండి.

ఇప్పుడు నోట్‌బుక్ తీసి పదాలను ఏబీసీడీ వరుసల కాకుండ మనుషుల ప్రకారం రాయండి. చేసినోడు పర్పెట్రేటర్, బలైనోడు విక్టిమ్, బతికి బయటపడ్డోడు సర్వైవర్, పక్కనుండి చూసినోడు బైస్టాండర్, చేతులకు రక్తం అంటకున్నా సాయం చేసినోడు అకంప్లిస్. ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో రోజూ జనాన్ని రెచ్చగొట్టింది కదా, అది ఇన్‌సైట్ (incite) చేసుడు. ఇక్కడ జాగ్రత్త, లోతైన అవగాహన అని అర్థమొచ్చే ఇన్‌సైట్ (insight) వేరే పదం, స్పెల్లింగ్ వేరే, రెచ్చగొట్టే పదంల ఒత్తు (స్ట్రెస్) రెండో భాగం మీద పడ్తది, అవగాహన పదంల మొదటి భాగం మీద పడ్తది. పైకి చదివితేనే తేడా పట్టుకుంటరు.

ఆ రేడియో టుట్సీలను బొద్దింకలు అని పిలిచింది. మనిషిని మనిషి కాదన్నట్టు చేసుడే డీహ్యూమనైజ్. మన పత్తి రైతుల ఇండ్లల్ల ఇన్‌సెక్టిసైడ్, ఫంగిసైడ్, హెర్బిసైడ్ డబ్బాలు ఎప్పటికీ ఉండేటియే, చివర్ల వచ్చే ఆ సైడ్ అన్నది చంపుడు అనే అర్థమున్న లాటిన్ ముక్క. దానికి ముందు జాతి అనే గ్రీకు మాట జెనోస్ పెట్టి 1944ల పోలెండ్ యూదు లాయర్ రఫాయెల్ లెమ్‌కిన్ జెనోసైడ్ అనే పదం తయారుచేసిండు. హోమిసైడ్, సూసైడ్, ఫ్రాట్రిసైడ్ గివన్నీ అదే కుటుంబం. మనుషులకు పురుగుల పేరు పెడితే మందు కొట్టినంత తేలికగ చంపొచ్చు అనే ఆలోచన జనంల ఎట్ల ఎక్కిస్తరో ఈ పదాల నుంచే సమజైతది.

పెద్ద పదాలు ఒకదాని బదులు ఇంకోటి వాడొద్దు. రయట్ అంటే అల్లరి, గలాటా, రెండు దిక్కులా ఉండొచ్చు. పోగ్రం రష్యన్ నుంచి వచ్చింది, ఒక వర్గం మీద గుంపు పడి చేసే దాడి, 1903ల అప్పటి రష్యా సామ్రాజ్యంలోని కిషినెవ్ పట్నంల యూదుల మీద జరిగినట్టు. మాసకర్ అంటే ఒక్క తాన మూకుమ్మడిగ చంపుడు. ఎత్నిక్ క్లెన్సింగ్ అంటే ఒక జాతిని ఆ ఏరియాల నుంచే ఖాళీ చేయించుడు, 1990లల్ల యుగోస్లావియా యుద్ధాలప్పుడు ఈ మాట ప్రపంచమంతా పాకింది. జెనోసైడ్‌కు మాత్రం 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న కన్వెన్షన్‌ల, అంటే దేశాల ఒప్పందంల, నిర్వచనం ఉంది: జాతీయ, జాతి, వర్ణ, మత సమూహాన్ని పూర్తిగ గానీ కొంత గానీ నాశనం చేయాలనే ఉద్దేశం ఉండాలె. ఆ ఉద్దేశమే ఇంటెంట్, కోర్టుల కష్టమంతా అది నిరూపించుడే. 1995 జులైల బోస్నియాలోని స్రెబ్రెనిత్సాల 8 వేల మందికి పైగ బోస్నియా ముస్లిం మగోళ్లను, పోరగాళ్లను చంపిన్రు, దాన్ని యుగోస్లావియా యుద్ధ నేరాలను విచారించిన హేగ్ ట్రిబ్యునల్ జెనోసైడ్ అని తేల్చింది. ఎస్సేల ప్రతి గొడవనూ జెనోసైడ్ అని రాస్తే దిద్దేటోళ్లకు మీకు తేడా తెల్వదని అర్థమైపోతది.

గ్రామర్ కూడ ఇక్కడ్నే నేర్చుకోవచ్చు. క్లాషెస్ బ్రోక్ ఔట్, హండ్రెడ్స్ వర్ కిల్డ్ అని వార్త ఉంటది, చంపిందెవరు? ప్యాసివ్ వాయిస్‌ల చేసినోడు మాయమైతడు. అట్లాంటి వాక్యం దొరికినప్పుడల్లా యాక్టివ్‌ల తిరగరాయండి, సబ్జెక్ట్ ఎవరో దొరకకపోతే వ్యాసంల ఎంత దాచిన్రో తెలుస్తది. పేర్లల్ల కూడ దాస్తరు, దాన్ని యూఫెమిజం అంటరు. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా సైన్యం ట్యాంకులతోని హైదరాబాద్ సంస్థానంలకు వస్తే దానికి పెట్టిన పేరు పోలీస్ యాక్షన్. చిట్యాల దగ్గర గుండ్రాంపల్లి స్థూపం చూసినోళ్లకు రజాకార్లు చేసింది చెప్పాల్సిన పని లేదు, అది అట్రాసిటీ. సైన్యం వచ్చినంక సంస్థానంల ముస్లింల మీద జరిగింది రిప్రైజల్, అంటే పగతోని చేసే ప్రతిదాడి, దాన్ని విచారించనీకి భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ మొత్తం చావులు 27 వేల నుంచి 40 వేల దాకా అని అంచనా వేసింది. రెండూ చదవండి, రెండింటికీ సరైన పదం వాడండి, మనోళ్లకు ఒక పదం పరాయోళ్లకు ఒక పదం పెట్టొద్దు.

వలస పదాలకు పాలమూరు కంటే మంచి పాఠం లేదు. బతుకుదెరువుకు బొంబాయి పోయినోళ్లు మైగ్రెంట్స్. శ్రీశైలం ప్రాజెక్టుల ఊరు మునిగి లేచిపోయినోళ్లు డిస్‌ప్లేస్డ్. చంపుతరని భయపడి దేశం సరిహద్దు దాటినోళ్లు రెఫ్యూజీలు, ఆ దేశంల ఆశ్రయం అడిగితే అది అసైలం. సరిహద్దు దాటకుండ భయంతోని సొంత దేశంలనే వేరే తాన తలదాచుకుంటే ఇంటర్నల్లీ డిస్‌ప్లేస్డ్, 2023 మేల గొడవలు మొదలైనంక మణిపూర్‌ల మెయితీలు, కుకీలు రిలీఫ్ క్యాంపులల్ల తలదాచుకున్నది గట్లనే.

పర్సిక్యూట్, ప్రాసిక్యూట్ దగ్గర చాలమంది తడబడతరు. జాతి, మతం చూసి వేధించుడు మొదటిది, కోర్టుల కేసు నడుపుడు రెండోది. పర్సిక్యూట్ చేసినోళ్లను రువాండా కోసం పెట్టిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ టాంజానియాలోని అరుషాల ప్రాసిక్యూట్ చేసింది, 1998 సెప్టెంబర్ 2న అకయేసు అనే మేయర్‌ను దోషి అన్నది, జెనోసైడ్ నేరం మీద అంతర్జాతీయ కోర్టు ఇచ్చిన మొదటి తీర్పు అదే. ఈ ఒక్క వాక్యం ఇంగ్లీష్‌ల రాసి పెట్టుకుంటే రెండు పదాలూ మళ్ల కలవవు.

ఒక సంఘటనకు వారం ఇయ్యండి, తొందర పడొద్దు. సర్వైవర్ల టెస్టిమొనీ, అంటే వాళ్లు చెప్పిన సాక్ష్యం, ఒకటన్నా గొంతెత్తి చదవండి, అవి మామూలు మనుషులు చెప్పిన మాటలు కాబట్టి వాక్యాలు చిన్నగ ఉంటయి, ఉచ్చారణకు, వాడుకకు వాటిని మించింది లేదు. మనసు బరువైతే ఆ రోజుకు ఆపేయండి. దోస్తుతోని కలిసి చదివితే ఇంకా మంచిది, ఒకరు సంఘటన చెప్పాలె, ఇంకొకరు అండ్ల పర్పెట్రేటర్ ఎవరు, బైస్టాండర్ ఎవరు అని ఇంగ్లీష్‌ల అడగాలె. రువాండా అయినంక 1983 జులై శ్రీలంక తీసుకోండి, అక్కడ తమిళుల ఇండ్లు వెతకనీకి గుంపుల చేతుల ఓటర్ లిస్టులు ఉండె, రువాండా కార్డు పక్కన ఆ లిస్టును పెట్టి రెండింటి మీద పది వాక్యాలు రాయండి, అండ్ల ఒక్కటి కూడ ప్యాసివ్‌ల ఉండొద్దు.